పడిపోయిన చేయికి యంత్రం తోడు: పక్షవాత చికిత్సలో వర్చువల్ రియాలిటీ, స్పర్శ సాంకేతికత

పోయినవారి గుణగణాలు తలచుకొని ఇళ్లకు వెళ్లిపోవడం స్మారక సభల్లో ఒక పద్ధతి. వారు పట్టించుకున్న మనుషుల బాగోగుల గురించి మాట్లాడుకోవడం ఇంకో పద్ధతి. వరంగల్లుకు రెండోదే తగింది. ప్రజాకవి కాళోజీ 2002లో కన్నుమూశాక ఆయన దేహం కాకతీయ వైద్య కళాశాలకు చేరింది. ఇప్పుడు మన ఊళ్లోని ఆరోగ్య విశ్వవిద్యాలయం ఆయన పేరుతోనే నడుస్తోంది. అలాంటి ఊళ్లో పక్షవాతంతో పడిపోయిన చేయి గురించి, దాన్ని తిరిగి పనిలో పెట్టడానికి వస్తున్న కొత్త యంత్రాల గురించి మాట్లాడటం సందర్భోచితమే అనుకుంటాను. వాదన ముందే చెప్పేస్తాను. వర్చువల్ రియాలిటీ గానీ, చేతికి స్పర్శను తిరిగి అందించే హాప్టిక్ యంత్రాలు గానీ మంచి ఫిజియోథెరపిస్టు కంటే మెరుగైనవని చెప్పడానికి గట్టి రుజువు లేదు. అయినా అవి మనకు కావాలి. ఎందుకంటే లండన్‌లో, బోస్టన్‌లో రోగికి థెరపిస్టా, యంత్రమా అన్నది ప్రశ్న. ములుగు, భూపాలపల్లి రోగికి ఏదో ఒక సాధన దొరుకుతుందా, అసలేమీ దొరకదా అన్నది ప్రశ్న. ప్రశ్న మారినప్పుడు అదే రుజువును వేరేగా చదవాలి.

మెదడులో ఒక రక్తనాళం మూసుకుపోయినా, చిట్లినా దాని మీద ఆధారపడిన కణాలు నిమిషాల్లో చనిపోవడం మొదలవుతుంది; పక్షవాతం తెచ్చే ఈ దెబ్బనే స్ట్రోక్ అంటారు. ప్రపంచ రోగభారంపై వేసిన అంచనాల ప్రకారం 2021 ఒక్క ఏడాదిలో ప్రపంచమంతటా సుమారు 1 కోటి 19 లక్షల మందికి, మన దేశంలో 12 లక్షలకు పైగా మందికి కొత్తగా స్ట్రోక్ వచ్చింది. గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లో పడాలన్న సంగతి ఇప్పుడిప్పుడే జనంలోకి వెళ్తోంది. ఆ గంటల గురించి మాట్లాడినంతగా ఆ తర్వాతి నెలల గురించి మనం మాట్లాడటం లేదు. చుట్టుపక్కల జిల్లాలన్నిటికీ పెద్ద దిక్కు ఎంజీఎం ఆసుపత్రి. అక్కడ ప్రాణం దక్కించుకున్న మనిషి సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని ఏటూరునాగారానికి వెళ్లిపోతే, వారానికి ఐదు రోజులు ఫిజియోథెరపీకి ఎట్లా రాగలడు? కూలి పోతుంది, తోడు వచ్చే మనిషి కూలి కూడా పోతుంది, బస్సు ఖర్చు సరేసరి. పైగా చాలామందికి కాలు కొంత ముందుగా పనికి వస్తుంది. గోడ పట్టుకొనో, కర్ర పట్టుకొనో నడవగలిగితే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. చేయికి సూక్ష్మమైన అదుపు కావాలి కనుక అది వెనకబడుతుంది. నడుస్తున్నాడు, చాలు అనుకున్న రోజే చేయి సంగతి మరుగున పడుతుంది. రోగి మంచి చేత్తో అన్ని పనులూ చేసుకోవడం అలవాటు చేసుకుంటాడు. కదలగలిగిన కొద్దిపాటి శక్తి కూడా వాడకం లేక మూలనపడుతుంది.

చేయిని వాడితే మెదడులో ఏం జరుగుతుందో చూపిన ప్రయోగాల్లో రాండాల్ నూడో బృందం 1996లో సైన్స్ పత్రికలో ప్రచురించినది ముఖ్యమైనది. కోతి మెదడులో చేతిని నడిపే భాగానికి చిన్న దెబ్బ తగిలాక ఊరికే వదిలేస్తే, దెబ్బ తగలని పక్క భాగం కూడా చేతి పని మానుకుంది. చిన్న గుంటల్లోంచి తిండి గింజలు తీసే సాధన పదేపదే చేయించినప్పుడు ఆ పక్క భాగం చేతికే మిగిలింది, కొన్నిచోట్ల విస్తరించింది కూడా. ఎడ్వర్డ్ టాబ్ ఆలోచనతో పుట్టిన చికిత్సలో మంచి చేతికి తొడుగు వేసి, దెబ్బతిన్న చేతితోనే పనులు చేయిస్తారు. దీన్ని అమెరికాలో 222 మంది మీద పరీక్షించి 2006లో ఫలితం ప్రకటించారు. స్ట్రోక్ వచ్చి 3 నుంచి 9 నెలలైనవారిలో రెండు వారాల కఠిన సాధన ఫలితం ఏడాది తర్వాత కూడా నిలిచింది. సూత్రం తెలిసిపోయింది: చేయి చాలాసార్లు, కష్టపడి, పనికొచ్చే కదలికలు చేయాలి. ఆచరణ ఎట్లా ఉంది? కేథరిన్ లాంగ్ బృందం ఉత్తర అమెరికాలోని క్లినిక్కుల్లో 312 థెరపీ పూటలను పరిశీలించి లెక్కపెట్టి 2009లో ప్రచురించింది. చేతికి పనికొచ్చే కదలికలు చేయించిన పూటల్లో సగటున వచ్చిన సంఖ్య 32. జంతువుల ప్రయోగాల్లో మెదడును మార్చిన సాధన పూటకు వందల్లో ఉంటుంది. సంపన్న దేశాల్లోనే ఇంత అంతరం ఉంది. థెరపిస్టు మొహమే చూడని ఊళ్లలో ఆ సంఖ్య ఎంతో ఊహించడం కష్టం కాదు.

యంత్రం పాత్ర ఇక్కడ మొదలవుతుంది. వర్చువల్ రియాలిటీలో రోగి కదలికను కెమెరాతోనో, సెన్సారుతోనో పట్టుకొని తెర మీదో, కళ్లకు పెట్టుకునే పరికరంలోనో ఒక దృశ్యంగా చూపుతారు. చేయి రెండంగుళాలు కదిలితే తెర మీద అది పది అంగుళాలు కదిలినట్టు చూపవచ్చు. దాంతో ఏమీ చేతకాదనుకున్న మనిషికి తన ప్రయత్నానికి ఫలితం కంటికి కనబడుతుంది. చేయి బరువును యంత్రం కొంత మోస్తే, భుజం ఎత్తలేనివాడు కూడా చేయి చాచగలుగుతాడు. కానీ కంటికి కనబడే గ్లాసు చేతికి తగలకపోతే వేళ్లు దానిలోంచి దూసుకుపోతాయి. ఈ లోటు తీర్చేది హాప్టిక్ పరికరం. ఇందులో రెండు స్థాయులున్నాయి. వేలి కొసన చిన్న మోటారు కంపించి, తగిలిందని కబురు చెప్పేది ఒకటి. మోటార్లు నిజంగానే చేతికి అడ్డుపడి బరువును, గట్టిదనాన్ని, జారుడును తెలియజేసేది రెండోది. రెండోదానికి ఖర్చూ ఎక్కువే, కష్టమూ ఎక్కువే. కంటిని నమ్మించడానికి బొమ్మ సెకనుకు 60 నుంచి 90 సార్లు మారితే సరిపోతుంది. చేతిని నమ్మించాలంటే అడ్డుపడే బలాన్ని సెకనుకు సుమారు వెయ్యిసార్లు సరిచూసుకోవాలి, లేదంటే తెర మీది గోడ గోడలా కాక వణుకుతున్నట్టు తెలుస్తుంది. ఎంఐటీలో నెవిల్ హోగన్, హెర్మానో ఇగో క్రెబ్స్ తదితరులు తయారుచేసిన ఎంఐటీ-మానస్ అనే యంత్రం ఈ దారిలో తొలి అడుగుల్లో ఒకటి. రోగి చేసినంత చేయనిచ్చి, తడబడిన చోట మాత్రమే సాయం చేయాలన్నది దాని వెనుక ఆలోచన. యంత్రమే చేయిని పట్టి తిప్పేస్తే రోగి ప్రయత్నం తగ్గుతుంది, నేర్చుకోవడమూ తగ్గుతుంది.

స్పర్శ గురించి మన నేల మీద నిలబడి ఆలోచిస్తే దాని విలువ ఇంకా బాగా తెలుస్తుంది. స్ట్రోక్ తర్వాత సగం మంది దాకా చేతిలో స్పర్శ ఎంతో కొంత తగ్గుతుంది. కండరం కదులుతున్నా వస్తువు జారుతోందో లేదో తెలియదు, చూపు పక్కకు పోగానే గ్లాసు కింద పడుతుంది. చేతి పనితీరు కొలవడానికి ప్రపంచమంతా వాడే పరీక్షలున్నాయి. 66 మార్కుల ఫుగల్-మేయర్ పరీక్ష కదలికను చూస్తుంది. 57 మార్కుల యాక్షన్ రీసెర్చ్ ఆర్మ్ టెస్ట్ చెక్కదిమ్మెలు ఎత్తించి, గోలీలు పట్టించి, ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి నీళ్లు పోయిస్తుంది. వీటిలో అన్నం కలపడం లేదు. వేడి చూసుకొని, పప్పు అన్నంలో కలిసేలా వేళ్లతో కలిపి, ముద్ద చేసి నోటిదాకా తీసుకెళ్లడం మన దగ్గర రోజుకు రెండు మూడు సార్లు జరిగే పని, అదీ కుడిచేత్తోనే. కుడిచేయి పడిపోయిన మనిషి పెళ్లి పంక్తిలో కూర్చోవడానికి ఎందుకు వెనకాడతాడో మనకు విడమరచి చెప్పనక్కర్లేదు. పత్తి ఏరే ఆడమనిషి వేళ్లు ఎండిన కాయ మొనలు గుచ్చుకోకుండా దూదిని ఒక్క ఊపున లాగాలి. కొత్తవాడలో జంపఖానా నేసేవారికి రెండు చేతుల జత కుదరాలి. యంత్రంతో బరువు, అడ్డు, గట్టిదనం నేర్పవచ్చు. దూది మెత్తదనం దూదితోనే, అన్నం పదును అన్నంతోనే నేర్పాలి. కనుక స్పర్శ యంత్రం చివరి మెట్టు కాదు, అసలు వస్తువును చేతికి ఇచ్చే రోజు దాకా పనికొచ్చే మెట్టు.

ఇప్పుడు రుజువుల సంగతి. ఇందులో దాపరికం పనికిరాదు. ఎంఐటీ-మానస్‌ను అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల్లో 127 మంది మీద పరీక్షించి 2010లో ప్రకటించిన ఫలితాల్లో, 12 వారాలకు యంత్రం మామూలు చికిత్స కంటే గానీ, మనుషులు అంతే తీవ్రతతో చేయించిన సాధన కంటే గానీ స్పష్టంగా మెరుగని తేలలేదు. 36 వారాల నాటికి మామూలు చికిత్స కంటే కొంత మెరుగు కనబడింది. తీవ్ర సాధనతో పోలిస్తే అప్పుడూ తేడా లేదు. బ్రిటన్‌లో 770 మంది మీద జరిగి 2019లో లాన్సెట్‌లో వచ్చిన రాటల్స్ పరీక్షలో రోబో శిక్షణ వల్ల చేతి పనితీరు మామూలు చికిత్స కంటే మెరుగుపడలేదు. నాలుగు దేశాల్లో 141 మంది మీద జరిగిన ఎవరెస్ట్ పరీక్ష 2016లో ఇంకో సంగతి బయటపెట్టింది: నింటెండో వీ ఆటలు ఆడినవారూ, పేకముక్కలు, బింగో వంటి ఆటలు ఆడినవారూ ఒకేలా కోలుకున్నారు. 2017లో వచ్చిన వర్చ్యూస్ పరీక్షలో 120 మందిలోనూ వర్చువల్ రియాలిటీకి, అంతే సేపు చేయించిన మామూలు థెరపీకి తేడా కనబడలేదు. ఇటువంటి పరిశోధనలన్నిటినీ వడపోసే కొక్రేన్ సమీక్ష 2025లో 190 పరీక్షలను, 7 వేలకు పైగా రోగులను కలిపి చూసింది. ఇతర థెరపీతో పోలిస్తే వర్చువల్ రియాలిటీతో చేతి పనితీరు స్వల్పంగా మెరుగు. మామూలు చికిత్స మీద అదనంగా ఇచ్చినప్పుడు లాభం ఇంకొంచెం ఎక్కువ. అద్భుతం జరిగిందని చెప్పే ఆధారం ఇందులో లేదు.

ఈ ఫలితాలను మన దగ్గర ఎట్లా చదవాలి? పైపైన చూసేవారు యంత్రం దండగ అంటారు. కానీ ఈ పరీక్షల్లో చాలావాటిలో యంత్రానికి ఎదురు నిలిచినది శిక్షణ పొందిన మనిషి చేతి మీదుగా, అంతే సేపు నడిచిన చికిత్స. రాటల్స్‌లోని మామూలు చికిత్స కూడా ఒక దేశపు ఆరోగ్య వ్యవస్థ ఉచితంగా ఇచ్చే చికిత్స. అంతటి పోటీదారుతో యంత్రం ఇంచుమించు సమానంగా నిలిచిందంటే, పోటీదారే లేని చోట దాని విలువ వేరు. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. తేడా కనబడలేదంటే రెండూ సమానమని నిరూపణ జరిగినట్టు కాదు. ఆ పరీక్షలు మెరుగును వెతకడానికి రూపొందినవి, సమానత్వాన్ని తేల్చడానికి కాదు. పైగా ఆ యంత్రాలు థెరపిస్టు పర్యవేక్షణలోనే నడిచాయి. వాటిని ఎవరూ లేని ఇంట్లో పెడితే అదే ఫలితం వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. అందువల్ల నేను అడుగుతున్నది యంత్రాల కొనుగోలు పండుగ కాదు. ఒక థెరపిస్టు ఒక రోగి దగ్గర గంట గడిపే చోట, అదే థెరపిస్టు నలుగురు రోగులను నాలుగు పరికరాల మీద కూర్చోబెట్టి అదే గంటలో అందరినీ చూడగలిగితే, ఒక్కొక్కరికి దక్కే సాధన ఎంత పెరుగుతుందో కొలవమని అడుగుతున్నాను.

దీనికి మొదటి అభ్యంతరం: ఇంట్లోవాళ్లకే నేర్పితే సరిపోదా? మన సమాజంలో కుటుంబం ఇంకా గట్టిగానే ఉంది కదా? ఈ ప్రశ్నకు మన దేశమే జవాబు వెతికింది. అటెండ్ పేరుతో 14 ఆసుపత్రుల్లో 1,250 మంది రోగులతో జరిగిన పరీక్ష ఫలితాలు 2017లో లాన్సెట్‌లో వచ్చాయి. ఆసుపత్రిలోనే కుటుంబ సభ్యుడికి శిక్షణ మొదలుపెట్టి, ఇంటిదగ్గర రెండు నెలల వరకు కొనసాగించారు. ఆరు నెలల తర్వాత చూస్తే చనిపోయినవారు, ఇతరుల మీద ఆధారపడినవారు కలిపి రెండు వైపులా నూటికి 47 మంది. ప్రేమకు లోటు ఉండి కాదు ఈ ఫలితం. భార్యో, కోడలో వంటా పొలమూ చూసుకొని, మందులు వేసి, మిగిలిన సమయంలో చేతికి వందలసార్లు సాధన చేయించడం మాటలు కాదు. ఎన్నిసార్లు చేశారు, కష్టం పెంచారా లేదా అన్న లెక్క ఎవరి దగ్గరా ఉండదు. పరికరం ఆ లెక్క రాసిపెట్టగలదు, రోగి సత్తువను బట్టి కష్టాన్ని పెంచగలదు, తగ్గించగలదు. దానివల్ల కుటుంబం విఫలమైన చోట యంత్రం గెలుస్తుందని ఇంకా తేలలేదు. తేల్చుకోవలసిన ప్రశ్న అదే.

రెండో అభ్యంతరం ఇంకా పదునైనది. పేకముక్కలు, వీ ఆటలు ఒకే ఫలితం ఇస్తే లక్షలు పోసి యంత్రం ఎందుకు? ఇది న్యాయమైన మాట, సగం వరకు నేను ఒప్పుకుంటాను. వేళ్లతో చిన్న వస్తువు పట్టగలిగినవారికి ఓమనగుంటలు, అష్టాచెమ్మా చాలు. చింతగింజను ఒక్కొక్కటిగా తీసి గుంటలో వేయడం నూడో కోతులు చేసిన సాధనకు దగ్గరి బంధువే. బతుకమ్మకు తంగేడు, గునుగు కట్టలు సర్దడం రెండు చేతులకూ మంచి పని. అయితే ఎవరెస్ట్ పరీక్షలో చేరినవారు చేతి బలహీనత స్వల్పం నుంచి ఒక మోస్తరుగా ఉన్నవారు. భుజం ఎత్తలేని, వేళ్లు విప్పలేని మనిషి చేతిలో చింతగింజ పెడితే మిగిలేది నిరాశే. చేయి బరువు మోసే పరికరం, చిన్న కదలికను పెద్దదిగా చూపే తెర వారికి కావాలి. స్పర్శ పోయినవారికి తగిలిన సంగతి గట్టిగా చెప్పే హాప్టిక్ తొడుగు కావాలి. అంటే యంత్రాన్ని రోగి చేతి స్థితిని బట్టి ఎంచి ఇవ్వాలి, తేరుకోగానే వెనక్కి తీసుకొని ఓమనగుంటల పీట ముందు పెట్టాలి.

మూడో అభ్యంతరం నా వాదన పునాదికే తగులుతుంది. సాధన సంఖ్య పెంచితే చాలా? లాంగ్ బృందమే 2016లో 85 మంది పాత రోగుల మీద 3,200 నుంచి 9,600 దాకా వేర్వేరు మోతాదుల్లో కదలికలు చేయించి చూసింది. ఎక్కువ చేసినవారు ఎక్కువ బాగుపడలేదు. స్ట్రోక్ వచ్చిన 24 గంటల్లోపే రోగిని ఎక్కువగా లేపి తిప్పిన అవర్ట్ పరీక్షలో 2015లో తేలినది మేలు కాదు, కొంత కీడు. కనుక సంఖ్య ఒక్కటే మంత్రం కాదు, వేళ కూడా ముఖ్యం. అలెగ్జాండర్ డ్రోమెరిక్ బృందం 72 మంది మీద చేసి 2021లో ప్రచురించిన పరీక్ష ఆ వేళను చూపింది. అదనంగా 20 గంటల చేతి సాధనను వేర్వేరు సమయాల్లో ఇస్తే, స్ట్రోక్ వచ్చి రెండు నుంచి మూడు నెలల మధ్య మొదలుపెట్టినవారికి అన్నిటికన్నా ఎక్కువ లాభం కలిగింది. ఆరు నెలలు దాటాక అదే 20 గంటలు చెప్పుకోదగ్గ తేడా తేలేదు. పరీక్ష చిన్నది, ఇంకా పెద్దవి రావాలి. కానీ మన ఏర్పాట్లకు ఇది గట్టి సూచన. డిశ్చార్జి అయిన మూడు నెలల్లోనే మన రోగి మనకు దూరమవుతున్నాడు. ఆ నెలల్లో 20 గంటల నాణ్యమైన సాధన అందించడం ఏ ప్రభుత్వానికీ తలకు మించిన పని కాదు.

ఖర్చు, నిర్వహణ గురించిన భయం కూడా నిజమే. గుడ్డ కప్పి మూలన పెట్టిన యంత్రాలు ప్రభుత్వ ఆసుపత్రుల్లో కొత్త కాదు. దానికి విరుగుడు విదేశీ యంత్రాన్ని కొనడం కాదు, ఇక్కడ బాగుచేయగలిగిన దాన్ని ఎంచుకోవడం. ఐఐటీ హైదరాబాద్‌లోని సెంటర్ ఫర్ హెల్త్‌కేర్ ఎంటర్‌ప్రెన్యూర్‌షిప్ నీడన పెరిగిన బీఏబుల్ హెల్త్ సంస్థ ఆర్మ్‌ఏబుల్ పేరుతో ఆటల ద్వారా చేతి సాధన చేయించే పరికరాన్ని తెచ్చింది. వెల్లూరు సీఎంసీ, ఐఐటీ మద్రాస్ కలిసి రూపొందించిన ప్లూటో ఒకే మోటారుతో, మార్చుకోగల పిడులతో మణికట్టుకు, వేళ్లకు శిక్షణ ఇస్తుంది. ఇవి మన వాళ్లు మన రోగులను దృష్టిలో పెట్టుకొని చేసినవి. ఇలాంటివాటిని కొని ఒక గదిలో బంధించకుండా నెలల లెక్కన అద్దెకు తీసుకొని, ఎన్ని గంటలు వాడారో దాన్ని బట్టి డబ్బు చెల్లించాలి. థెరపిస్టుల ఉద్యోగాలు పోతాయన్న భయానికి ఆధారం లేదు. చేయి బిగుసుకుపోతోందా, భుజం నొప్పి మొదలైందా, రోగి మనసు కుంగిందా అన్నది చూడటానికి మనిషే కావాలి. యంత్రం వచ్చిన చోట థెరపిస్టులు ఎక్కువ కావాలి, తక్కువ కాదు. ఇక తెర మీద మాట తెలుగులో ఉండాలి, అదీ ఈ జిల్లాల జనం మాట్లాడే తెలుగులో. జీవితంలో వీడియో గేమ్ ఆడని అరవై ఏళ్ల మనిషికి ఆటలో పనులు కూడా తన పనుల్లా కనబడాలి.

1959లోనే ఈ ఊళ్లో కాకతీయ వైద్య కళాశాల, ఈనాడు నిట్‌గా పిలుస్తున్న రీజినల్ ఇంజనీరింగ్ కళాశాల పుట్టాయి. ఒకదానికి రోగి తెలుసు, రెండోదానికి మోటారు, సెన్సారు తెలుసు. రెండింటి మధ్య దూరం కొద్ది కిలోమీటర్లే. ఆరోగ్య విశ్వవిద్యాలయం ఈ రెంటినీ ఒక బల్ల ముందు కూర్చోబెట్టాలని ఈ వేదిక నుంచి కోరుతున్నాను. పని పెద్దదేమీ కాదు. స్ట్రోక్ వచ్చి మూడు నెలలు దాటని రోగులను తీసుకొని, సగం మందికి మామూలు చికిత్స, సగం మందికి దానిమీద అదనంగా 20 గంటల పరికర సాధన ఇచ్చి, చూసేవారికి ఎవరు ఏ వైపో తెలియకుండా ఫుగల్-మేయర్‌తో పాటు అన్నం కలిపి తినగలుగుతున్నారా అన్నది కూడా కొలవాలి. ఫలితం మంచిదైతే జిల్లా ఆసుపత్రులకు విస్తరించాలి. కాకపోతే అదీ దాచకుండా ప్రచురించి, ఆ డబ్బుతో థెరపిస్టులను నియమించాలి. ఏ ఫలితం వచ్చినా రోగికి నష్టం లేదు. ఇక్కడికి వచ్చిన కుటుంబాలకు ఒక్క మాట: యంత్రం వచ్చేదాకా ఆగకండి. డాక్టరు సరేనన్న రోజు నుంచే పడిపోయిన చేతికి రోజూ పని చెప్పండి, ఎన్నిసార్లు చేసిందో ఒక పుస్తకంలో రాయండి, ఆ పుస్తకం పట్టుకొని వచ్చి ఆసుపత్రిలో మీకు రావలసిన థెరపీని గట్టిగా అడగండి.